ముందుగా వచ్చే పిలుపు

అమ్మ మందుల డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలేది బి-కాంప్లెక్స్ గోలీల ఘాటు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆమె పక్కన కూర్చుని వారానికి సరిపడా మందులు అరల్లో సర్దుతాను. ఆ వాసనకు పురానాపూల్ దగ్గర మా గల్లీ మొదట్లో ఉండిన గఫూర్ చాచా మందుల దుకాణం గుర్తొస్తుంది. కాసేపు హాయిగా ఉంటుంది, తర్వాత ఉన్న అలసట రెట్టింపవుతుంది.

చిన్నప్పుడు ఆ దుకాణానికి వెళ్లడమంటే మాకు ఆటలో ఒక భాగమే. వానాకాలం మూసీ మీదుగా బురద వాసన మోసుకొచ్చే గాలితో పాటు జ్వరాలూ, ఎండాకాలం ఉప్పుకారం అద్దుకుని తిన్న పచ్చిమామిడికాయలతో కడుపునొప్పులూ, బోనాలప్పుడు మైసాక్షి ధూపం పొగకు దగ్గులూ, రంజాన్‌లో హలీం భట్టీల చుట్టూ తిరిగి కాల్చుకున్న వేళ్లూ, అన్నీ ఆ చెక్క కౌంటరు ముందుకే చేరేవి. లోపల స్పిరిట్, దూది, పక్క దుకాణం నుంచి వచ్చే అత్తరు వాసనలు కలిసిపోయి ఉండేవి. చాచా మందు చేతికి ఊరికే ఇచ్చేవాడు కాదు. ఏం తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు, ఇంట్లో ఇంకెవరికి దగ్గుంది అని ఆరా తీసేవాడు. కంచన్‌బాగ్‌ ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్లే మా నాన్నకు అది ఒళ్లుమంట.

"మందియ్యవయ్యా అంటే గీ లొల్లేంది భాయ్, నా బస్సు పోతది," అనేవాడు.

"బస్సు ఇంకోటి వస్తది అన్నా," అని చాచా మళ్లీ మొదలుపెట్టేవాడు.

మా నానమ్మకు షుగరు వచ్చినప్పుడు టిఫినుకు ముందు గోలి వేసుకోమన్నారు ఆసుపత్రిలో. మా ఇంట్లో టిఫినుకు ఒక వేళంటూ ఉంటే కదా! పైగా నానమ్మకు గడియారం చూడటం రాదు. అప్పుడు చాచాయే ఉపాయం చెప్పాడు.

"అమ్మా, పొద్దుగాల మసీదు పిలుపుకే లేస్తవ్ గద. గప్పుడు గోలి ఏస్కో, మొఖం కడుక్కొని రొట్టె తిను."

అది చక్కగా కుదిరింది. చలికాలమంతా ఆమె మసీదు పిలుపు వినగానే గోలి మింగి, రాత్రి మిగిలిన జొన్నరొట్టెను చక్కెర లేని చాయ్‌లో ముంచుకుంటూ, ఆ చప్పదనానికి లోకాన్నంతా తిట్టుకునేది. ఇంతలో రంజాన్ వచ్చింది. రోజా అని ఉపవాసం ఉండేవాళ్లు తెల్లవారకముందే తినాలి గనక, సహర్‌కు లేవమని మైకులో పిలుస్తారు. రోజూ వచ్చే నమాజు పిలుపు, అసలు అజాన్, ఆ తర్వాత ఎంతోసేపటికి గాని రాదు. ఏళ్ల తరబడి ఆ మొదటి పిలుపు వింటూనే అటు తిరిగి పడుకున్న నానమ్మ, ఆ ఏడు మాత్రం అది చెవిన పడగానే గోలి వేసుకుంది. ఇంకా చీకటిగా ఉందని మళ్లీ నడుం వాల్చింది.

నేను లేచేసరికి ఆమె రవిక చెమటతో తడిసిపోయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. నన్ను ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. నాకు ఏడుపొచ్చింది. నాన్న పరుగెత్తి, దుకాణం మీది ఇంట్లోనే ఉండే చాచాను చెప్పులైనా వేసుకోనివ్వకుండా లాక్కొచ్చాడు.

"గోలి ఎప్పుడేస్కుంది? ఏమన్న తిన్నదా?"

ఆ రెండే అడిగి, వెంటనే చక్కెర తెమ్మన్నాడు. నానమ్మ దొంగతనంగా తింటుందని అమ్మ బియ్యం సంచి వెనక దాచిన డబ్బా బయటికొచ్చింది. చక్కెర నీళ్లు గుక్క గుక్క తాగాక ఆమె కళ్లు నిలిచాయి.

"ఇన్ని దినాలు చక్కెర ముట్టొద్దంటివి, ఇయ్యాల నువ్వే తాపిస్తున్నవేంది గఫూర్?"

అందరం నవ్వాం. చాచా నవ్వలేదు. గడప మీద కూలబడ్డాడు.

"తప్పు నాదే అమ్మా. నేను గా సహర్ పిలుపుకే లేస్త, మీకు గది ఎట్ల ఇనబడ్తదో సోంచాయించలే."

నాన్నతో పాటు తనూ ఆసుపత్రికి వెళ్లి డాక్టరుకు జరిగింది చెప్పి వచ్చాడు. ఆనాటి నుంచి ఏటా రంజాన్ మొదలయ్యే నెలవంక కనిపించిన సాయంత్రం మా గడప ముందు నిలబడి, "రేపటి సంది ముందుగాల వచ్చే పిలుపు మీది కాదమ్మా," అని చెప్పాకే ఇంటికి వెళ్లేవాడు.

చాచా మహాజ్ఞాని అని నేను అనడం లేదు. పొరపాటు ఆయనదే. కానీ అది తిరిగి ఆయన గుమ్మానికే వచ్చింది, ఆయన దిద్దుకోగలిగాడు. గల్లీకొక మందుల దుకాణం ఉన్న ఈ ఊళ్లో, చదువుకుని కౌంటరు వెనక నిలబడ్డ వాళ్లను, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి, బీపీ, షుగరు చూడనివ్వండి, ఏ మందుతో ఏది పడదో డాక్టరుకు ఫోను చేసి చెప్పే వీలివ్వండి అని కనిపించిన ప్రతివాళ్లకూ చెబుతూనే ఉన్నాను. అందరూ తలూపుతారు. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది.

నానమ్మ పోయింది, చాచా పోయాడు. దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి. అమ్మకూ షుగరు వచ్చింది. చేతిలో ఫోనున్నా, అత్తగారైన మా నానమ్మ దగ్గర చూసి నేర్చిన అలవాటు, ఆమె గోలి మసీదు పిలుపుకే. ఈ ఏడు నెలవంక కనిపించిన సాయంత్రం పత్తర్‌గట్టి దగ్గర పెద్ద మందుల షాపులో తెల్లకోటు అమ్మాయికి ఈ సంగతి చెప్పబోయాను.

"తెలుసు మేడమ్, మేమూ చదువుకున్నం. గని ఎనక లైన్ చూడుండ్రి. డాక్టర్నే అడగమనాలె అన్నరు మాకు."

ఆ పిల్ల ముఖం కూడా నా ముఖంలాగే వాడిపోయి ఉంది. సంచి తీసుకుని ఇంటికొచ్చాను. అమ్మ డబ్బా తలగడ పక్కన పెట్టుకుంటోంది.

"రేపటి సంది ముందుగాల వచ్చే పిలుపు నీది కాదమ్మా," అన్నాను.

ఈమధ్య అమ్మకు పోయినవాళ్లెవరో ఉన్నవాళ్లెవరో సరిగా గుర్తుండటం లేదు. తలెత్తి గుమ్మం వైపు చూసింది.

"గఫూర్ భాయ్ వచ్చిండా?"

లేడని చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

"వచ్చిండమ్మా. చెప్పి పోయిండు," అన్నాను.