లోపలికీ బయటికీ నాగవ్వ

కుదురుగా కూర్చోవడం నాగవ్వకు చేతకాదని ఆర్మూర్‌లో ఆమెను ఎరిగినవాళ్లందరూ అనేవారు. పని లేకపోతే వెతుక్కుని మరీ చేసే మనిషి. అలాంటి మనిషి 1964లో, ఊరంతా పసుపు ఉడకబెట్టే రోజుల్లో, నెలలో సగం రోజులు పశువుల కొట్టం పక్కన చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ముట్టయినప్పుడల్లా ఆమెకు ప్రాణం పోయేంత నొప్పి వచ్చేది. భర్త నడిపయ్య బస్సెక్కించి నిజామాబాద్ తీసుకుపోతే, అక్కడి డాక్టరమ్మ పరీక్షించి, గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట కూడా పెరుగుతోందని చెప్పి హార్మోన్ గోలీలు ఇచ్చింది. రోజూ వేసుకుని మూడు నెలలకు రమ్మంది. తగ్గకపోతే గర్భసంచి తీసేయాల్సి వస్తుందని కూడా చెప్పింది. నాగవ్వకు ఇంకా పిల్లలు లేరు.

అత్త ఎంకవ్వ చెడ్డది కాదు. పట్టింపు మనిషి, అంతే. దేవుని దగ్గర ఉంటే గుణమిస్తుందని గోలీల డబ్బాను దేవుని గూట్లో పెట్టింది. రోజూ స్నానం చేసి, దండం పెట్టుకుని నాగవ్వ ఒక గోలీ మింగేది. నొప్పి నిజంగానే తగ్గింది. కానీ నెల తిరగకముందే చీరకు మరక కనిపించింది. ముట్టయిందనుకుని బయట కూర్చుంది. బయట ఉన్నదానికి దేవుని గూడెక్కడిది? మైలలో మందు విషమవుతుందని ఎంకవ్వ అందివ్వనూ లేదు. గోలీ ఆగేసరికి మరక కాస్తా ధారైంది. తలస్నానం చేసి లోపలికొచ్చి మళ్లీ మొదలుపెడితే కొద్దిరోజులకే మళ్లీ మరక. ముట్టు మనిషి నీడ పడితే పసుపుకు రంగు తేలదని ఆమెను కడాయి దగ్గరికి రానిచ్చేవారు కాదు. అందరూ చెమటోడుస్తుంటే ఆమె గడ్డిపోచలు తుంచుతూ, మందు పనిచేయడం లేదు, ఇక కోతే గతి అని లోలోపల కాలిపోయేది.

గడువుకు వెళ్తే డాక్టరమ్మ రోజూ వేసుకున్నావా అని అడిగింది. బయట కూర్చున్న రోజులు తప్ప ఒక్కరోజూ మానలేదని నాగవ్వ గర్వంగా చెప్పింది. డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది.

"అది ముట్టు కాదమ్మా. ఈ మందుకు కొందరికి అట్ల మధ్యల కనబడుతది. నువ్వు ఆపినందుకే ఎక్కువైంది. ఇగ ఆపొద్దు. మరీ ఎక్కువైతే నా దగ్గరికి రా."

మరి ఆపరేషనో అని నాగవ్వ అడిగింది. ముందు మందును పనిచేయనివ్వు, తర్వాత చూద్దామంది డాక్టరమ్మ. సంతోషించాలో, పోయిన నెలలకు ఏడవాలో తెలియక బస్సులో దారి పొడుగునా నాగవ్వకు ఒకటే గుంజాటన.

వారం గడిచిందో లేదో, చివరి కడాయికి మంట పెట్టిన పొద్దున మళ్లీ మరక. అలవాటు కొద్దీ కాళ్లు కొట్టం వైపు నడిచాయి. సగం దూరంలో ఆగింది. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. దాచేస్తే ఎవరికి తెలుస్తుంది? కానీ ఇవాళ దాచితే రేపూ దాచాలి. వెనక్కి తిరిగి, ఎంకవ్వ చూస్తుండగానే గడప దాటి గూట్లో చెయ్యి పెట్టింది.

"కనవడ్డదత్తా. అయినా మింగుతున్న."

"ఇల్లంత మైల జేస్తివి గదనే."

"ఇది ముట్టు గాదు, మందు గుణం. ఆపితె నా సంచి తీసేస్తరు. గీ ఇంట్ల పిల్లలు కావాల్నంటె నన్ను గడప దాటనియ్యి."

కుండలో తనే చెంబు ముంచుకుని గోలీ మింగింది. ఎంకవ్వ పసుపు నీళ్లు తెచ్చి గూట్లో, గడప మీద, చివరికి కోడలి నెత్తి మీద కూడా చల్లింది.

"ముట్టు గాదనే అన్నదా డాక్టరమ్మ?"

"గట్లనే అన్నది."

"ఆమె సుత ఆడిదే గద, ఎర్కుంటది. పో, మంట తగ్గుతున్నది, కట్టెలు ఎగదొయ్యి."

నాగవ్వ వెళ్లి కట్టెలు ఎగదోసింది. కానీ కడాయి దించి కొమ్ములు ఆరబోస్తున్నప్పుడు మాత్రం తన నీడ వాటి మీద పడకుండా పక్కకు జరిగింది. రంగు పోతుందన్న భయం అత్తకు ఎంతుందో ఆమెకూ అంతే ఉంది.