అక్క డబ్బాల్లోంచి వండిన పథ్యం

పోయిన నెలలో మా అమ్మాయికి రెండో కాన్పు అయితే, సాయంగా ఉందామని మిచిగన్ నుంచి టెక్సాస్‌లోని కాపెల్ వెళ్లాను. వెళ్లేముందు శొంఠి దంచి, వెల్లుల్లి కారం కొట్టి, నెయ్యి కాచి, సూట్‌కేసులో నా చీరలకన్నా ఆ డబ్బాలకే ఎక్కువ చోటిచ్చి మోసుకెళ్తే, తీరా అక్కడ నేను చెయ్యాల్సిన పనే లేదు. మధ్యాహ్నం అయ్యేసరికి గుమ్మం ముందు ఒక సంచీ ఉంటుంది. అందులో మూతల డబ్బాలు, ఏ డబ్బాలో ఏముందో మూత మీద ఇంగ్లీషులో అంటించి ఉంటుంది. ఆ చుట్టుపక్కలే ఉండే ఒక తెలుగావిడ బాలింతల కోసమే పథ్యం వంటలు వండి పంపుతుందట.

"మమ్మీ, నువ్వేం స్ట్రెస్ అవ్వకు. నెలకి సరిపడా ఆర్డర్ చేసేశాం. నువ్వు జస్ట్ బేబీని ఎత్తుకో, చాలు" అంది మా అమ్మాయి.

సరేనని ఒక డబ్బా మైక్రోవేవ్‌లో వెచ్చబెట్టి మూత తీశాను. నేతిలో వేగిన శొంఠి వాసన గుప్పున మొహానికి కొట్టింది. చేతిలో మూత అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఏమైంది మమ్మీ, స్మెల్ బాలేదా అని అడిగింది. బాగానే ఉందమ్మా అన్నాను. పచ్చి బాలింత, దానికి ఆ వేళ చెప్పే సంగతి కాదు. ఇది చదివే మీతో అయితే చెప్పుకోవచ్చు. మీరూ నా ఈడువాళ్లే, ఈ దేశంలో దొరికిన డబ్బాల్లోంచే వంట చేసుకుని సంసారాలు ఈదినవాళ్లే.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాకు తల దువ్వి జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది, మొదటిసారి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి పోపు వెయ్యడం నేర్పింది మా అక్క. ఆమె డాక్టరు భార్యగా ఇంగ్లండు వెళ్లిన కొన్నేళ్లకి నేను కార్ల కంపెనీ ఇంజినీరు భార్యగా డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చిపడ్డాను. ఇద్దరం ఇంగ్లీషు దేశాల్లోనే ఉన్నాం కదా, ఇద్దరివీ ఒకటే కష్టాలని మొదట్లో అనుకున్నాను గానీ, తిండి దగ్గరికి వచ్చేసరికి మా మధ్య ఉన్న సముద్రం ఎంత పెద్దదో తెలిసింది. అక్క ఉండే ఊళ్లో గుజరాతీ వాళ్ల కొట్లు వీధికొకటి. బెండకాయలు, పచ్చిమిరపకాయలు, కందిపప్పు అన్నీ నడిచివెళ్లి తెచ్చుకునేది. నాకేమో కందిపప్పుకి బదులు సూపులో వేసుకునే పచ్చ బఠానీ పప్పు, పాలకూరకి బదులు ఇటుకలా గడ్డకట్టించిన ఆకు, మామిడికాయకి బదులు పుల్లటి ఆపిలు పండు, ఉప్మారవ్వకి బదులు ఇక్కడి పిల్లలకి పొద్దున్నే పాలల్లో కాచిపెట్టే గోధుమ నూక డబ్బా. గోంగూర మీద బెంగ పెట్టుకుని, రూబార్బ్ అని ఎర్రటి కాడలు దొరికితే వాటిని పప్పులో వేశానని అక్కకి రాశాను. అదేమిటే, మా దొరసానులు కస్టర్డులో వేసుకుని తినేదాన్ని పప్పులో వేశావా అని ఆశ్చర్యపోతూ జవాబు రాసి, మళ్లీ వారంలోనే తనూ వండి చూసి, పులుపుంది గానీ గోంగూరకుండే పొగరు లేదని తీర్పు చెప్పింది. ఇక్కడ బిస్కెట్టంటే మెత్తటి బన్నుముక్క అనీ, దానిమీద గ్రేవీ పోసుకుని తింటారనీ రాస్తే, నేను హాస్యమాడుతున్నానని అనుకుందట.

మా అక్కకి ఒక గుణం ఉండేది. ఎవరి వంట తిన్నా ఏదో ఒక వంక పెట్టకుండా విస్తరి ముందునుంచి లేచేది కాదు. కష్టపెట్టాలని కాదు, ఆవిడ మర్యాద అది. నువ్వు వండింది శ్రద్ధగా తిన్నాను సుమా అని చెప్పే పద్ధతి అది. మా బావగారు కూడా ఆ వంకలకి నవ్వేవారే గానీ నొచ్చుకునేవారు కాదు.

నేను మొదటిసారి నీళ్లోసుకున్నప్పుడు పురుడు పొయ్యడానికి అక్కే వస్తానంది. తనకి పిల్లల్లేరు. గుజరాతీ కొట్టులో శొంఠి కొమ్ములు, వాము, నువ్వులు, పాత బియ్యం అన్నీ ఏరి మూటలు కట్టిపెట్టుకుందని బావగారు తర్వాతెప్పుడో చెప్పారు. కానీ నెలలు నిండకుండానే నాకు నొప్పులొచ్చాయి. కబురు అందగానే అక్క దొరికిన విమానం ఎక్కేసింది. ఆ మూటలు ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. ఒంటిమీద వానకోటు, చేతిలో చిన్న సంచీ, అంతే. తను ఆసుపత్రికి వచ్చేసరికి బాబు లేడు.

ఏడవలేదు అక్క. నన్ను గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. రెండు మూడు రోజులకి పాలు పడ్డాయి. ఆ బాధ గురించి ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంతకన్నా రాయడం నావల్ల కాదు.

అక్క మా వారిని వెంటబెట్టుకుని సూపర్ మార్కెట్‌కి వెళ్లింది. అక్కడ జరిగినదంతా ఆయన తర్వాత చెప్తుంటే విన్నాను. బీరకాయకి బదులుగా పనికొస్తుందని కూర్జెట్ కావాలని అడిగితే అక్కడివాళ్లకి అర్థం కాలేదట. చివరికి చేత్తో చూపిస్తే, ఓ, జుకీనీయా అన్నారట. నిమిషాల్లో ఉడికే బియ్యం డబ్బా చూసి, దీన్ని అన్నమంటే బియ్యానికి అవమానమని పక్కన పెట్టేసిందట. రొట్టె కొని రుచి చూసి, ఇందులో పంచదార ఎందుకయ్యా, జ్వరం వచ్చినవాళ్లు ఏం తింటారని అడిగిందట. ఆ దుఃఖంలో కూడా ఆయనకి నవ్వొచ్చిందట, నవ్వినందుకు కారులో కూర్చుని ఏడుపొచ్చిందట. శొంఠి ఎక్కడా దొరకలేదు. చివరికి క్రిస్మస్ కుకీల్లో వేసుకునే అల్లంపొడి అగ్గిపెట్టంత సీసాలో ఉంటే, వాసన చూసి, శొంఠే ఇది, పేరు మార్చుకుందంతే అని తీసుకుందట. మసాలాల అరలోంచి నువ్వుల సీసా, మెక్సికన్ సరుకుల్లోంచి ఎండుమిరపకాయలు, నెయ్యి కాచడానికి ఉప్పులేని వెన్న కడ్డీలు తెచ్చుకుంది.

అదే రోజు పక్కింటి అమెరికన్ పెద్దావిడ గాజుపళ్లెం నిండా ఏదో వండుకొచ్చింది. చిక్కుడుకాయల మీద డబ్బాలోంచి పుట్టగొడుగుల సూపు పోసి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లి ఓవెన్‌లో పెట్టింది. మేం మాంసం తినమని గుర్తుపెట్టుకుని చేసింది. ఐయామ్ సో సారీ, హనీ అని నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది. ఆ పళ్లెంలోది అక్క ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఉప్పు కషాయం. చేసిన చెయ్యి మాత్రం మంచిది" అని, వదలకుండా తినేసి, పళ్లెం తోమి, అందులో రెండు ఆరెంజి పండ్లు పెట్టి తిరిగిచ్చి వచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా.

తర్వాత స్టవ్ దగ్గర నిలబడి పథ్యం వండింది. వేడన్నంలో ఆ కుకీల అల్లంపొడి నేతిలో వేయించి కలిపింది. వెల్లుల్లి కాల్చింది. జుకీనీని బీరకాయలా మగ్గించింది. పళ్లెం తెచ్చి నా మంచం అంచున కూర్చుని ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది. నేను మొహం తిప్పేసుకున్నాను.

"ఎవరికోసం అక్కా ఈ పథ్యం?"

"నీకోసమే."

"బిడ్డే లేడు కదా."

"బిడ్డ ఒళ్లో ఉన్నా లేకపోయినా నువ్వు కన్న తల్లివే, బాలింతవే. ఒళ్లు పచ్చిగా ఉంది. నోరు తెరువు."

తెరిచాను. ఆ ముద్ద దిగుతూనే పొంగుకొచ్చిన ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది. అక్క ఎడంచేత్తో నా వీపు రాస్తూనే ఉంది, కుడిచేతిలో రెండో ముద్ద సిద్ధంగా పట్టుకునే ఉంది. ఇంకెవరూ ఆ మాట అనలేదు నాతో. డాక్టర్లు మళ్లీ ప్రయత్నించవచ్చన్నారు, స్నేహితులు మరచిపొమ్మన్నారు. నన్ను తల్లినని పిలిచింది మా అక్కొక్కతే.

ఆమె వెళ్లిపోయే రోజు పొద్దున మొదటిసారి లేచి వంటింట్లోకి వెళ్లాను. ఆ గోధుమ నూక డబ్బా తీసి ఉప్మా చేశాను. అక్క తిని, ఉప్పు తగ్గింది, నూక ఇంకాస్త వేగాలి అంది. ఆ వంక వినగానే, నేను బతికి బట్టకట్టానని నాకే అనిపించింది.

చాలా ఏళ్లకి మా అమ్మాయి పుట్టింది. ఆసారి అక్క ముందే వచ్చి, మూడు నెలలుండి, తెచ్చిన శొంఠితోనే అన్నీ చేసి, మా ఇంటి నిండా మాటలు నింపి వెళ్లింది. తర్వాత మా ఊళ్లోనూ కొట్లు వచ్చాయి. డబ్బాల తిప్పలు ఒకటొకటిగా వదిలాయి. ఉత్తరాలు పోయి, వంట కాగానే అక్కకి ఫోన్ చెయ్యడం అలవాటైంది. అక్కకి వయసు పైబడింది, నాకూ పైబడింది.

కొన్నేళ్ల క్రితం బావగారు ఫోన్ చేసి, ఒకసారి వచ్చి వెళ్లమ్మా అన్నారు. ఆ గొంతులోనే అంతా ఉంది. వెళ్లేసరికి అక్క మంచం మేడమీది నుంచి కింది గదిలోకి మారింది. కిటికీలోంచి వాన చూస్తూ పడుకుని ఉంది. మనిషి సగమైపోయింది. ఏదీ సయించడం లేదని బావగారు చెప్పారు. పక్కన కూర్చుని ఏం తినాలనుందక్కా అని అడిగాను. చింతచిగురో, పనసపొట్టో అంటుందనుకున్నాను.

"మీ ఇంట్లో చేశావే, ఆ డబ్బా ఉప్మా. అది తినాలనుంది" అంది.

ఆ డబ్బా అక్కడ దొరకదు, గుజరాతీ కొట్లలోని రవ్వతో ఆ రుచి రాదు. బావగారూ నేనూ వానలో తిరిగి, అక్కడివాళ్లు పాయసంలాంటిది చేసుకునే సన్నరవ్వ పొట్లం ఒకటి తెచ్చాం. ఎంత జాగ్రత్తగా వేయించినా ఆ రవ్వ రవ్వే, ఆ నూక నూకే. గిన్నెలో వెయ్యగానే ముద్దయిపోయింది. ఉండలు కట్టింది. ఉప్పు కూడా సరిగా పడలేదని నాలుక మీద వేసుకోగానే తెలిసింది. మళ్లీ చేస్తూ అక్కని ఇంకా ఆగమనలేక, అలాగే చిన్న గిన్నెలో పెట్టుకుని వెళ్లి చెంచాతో తినిపించాను. రెండు చెంచాలు తింది.

"బాగుందే" అంది.

"ఉప్పు సరిపోయిందా అక్కా?"

"అన్నీ సరిపోయాయి."

నేను గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చి, ఏడుపు వినబడకుండా పంపు తిప్పి నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి మా అక్క నా వంటకి వంక పెట్టలేదు. ఇక నా అక్క నాకు మిగలదని డాక్టర్లకన్నా ముందు ఆ మాటే నాకు చెప్పింది. నేను అక్కడుండగానే, ఒక సాయంత్రం, బావగారి చెయ్యి పట్టుకుని నిద్రలోనే వెళ్లిపోయింది. మరుసటి ఏడాది బావగారూ పోయారు. ఆయన వైపువాళ్లు ఆ ఇల్లు అమ్మేశారు.

ఇప్పుడు కాపెల్‌లో దొరికే ఉప్మారవ్వ పొట్లమే ఇంగ్లండులోనూ దొరుకుతుందట, రెండూ మన దేశంలో ఒకే చోట తయారై ఓడెక్కి వస్తాయట. మంచిదే. మా అమ్మాయి నాలా ఆపిల్‌ని మామిడికాయ అనుకుని కళ్లు మూసుకుని తినక్కర్లేదు. దాని కష్టాలు వేరు, అవి నాకు సగమే అర్థమవుతాయి. కానీ నాకూ అక్కకీ ఆ లేమి ఒక భాష. ఇక్కడ ఇది లేదే, అక్కడ అది ఉందా అని అడుగుతూ, చెప్పుకుంటూ, ఒకరి వంటింట్లో ఒకరం బతికాం. అన్నీ దొరికే ఈ రోజుల్లో ఏం దొరికిందని ఎవరికి చెప్పను? అయినా వంట అయ్యాక స్టవ్ ఆపేసిన ఆ క్షణంలో, ఇప్పటికీ నా వేలు అక్క ఇంటి నంబరు మీదికి పోతుంది. ఆ అంకెలన్నీ నాకు నోటికొచ్చు. నొక్కితే మోగుతుందేమో కూడా. అటువైపు ఎత్తేవాళ్లకి నేనెవరో తెలియదు.