గుణుపురం అవతల రాతిదేవుళ్ళు, మా కేరేజీ

సెలవు దొరికితే అందరికీ సింహాచలమో అన్నవరమో గుర్తొస్తుంది. మా ఆయనకు కూలిన గుళ్ళు గుర్తొస్తాయి. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. గుణుపురం అవతల ఒక పల్లెలో ఎప్పటివో రాతివిగ్రహాలున్నాయని రాయగడలో మా కిరాణా కొట్టుకొచ్చిన ఎవరో చెప్పారు. అంతే, ఆదివారం ప్రయాణమన్నారు. కొట్టు మూసుకుని రాళ్ళు చూడబోయే షావుకారిని ఎక్కడైనా చూశారా? నాకు అప్పుడే అనుమానం రావలసింది.

తెల్లవారి ఆరింటి బస్సెక్కి గుణుపురంలో దిగేసరికి ఎండెక్కింది. అక్కడి నుంచి ఎడ్లబండే దిక్కు. రానూపోనూ నాలుగు రూపాయలకు అప్పన్న అనే అతను ఒప్పుకున్నాడు. బండి వంశధార నీళ్ళలో దిగినా అతని చూపు ఎడ్ల మీద లేదు, నా ఒళ్ళోని కేరేజీ మీదే ఉంది.

"అందులో ఏటున్నాదమ్మా?"

"పులిహోర."

"అడుగు గిన్నెలోనో?"

"పెరుగన్నం. నీకెందుకయ్యా?" అని గాజుల మీదికి కొంగు లాక్కున్నాను. వీడు దొంగే, సందేహం లేదనుకున్నాను.

పల్లె పొలిమేరలో ఒక పెద్దాయన కర్ర అడ్డం పెట్టాడు. అప్పన్నకు పిల్లనిచ్చిన మామట. "మళ్ళీ ఎవులినో తెచ్చేవా?" అని అల్లుడి మీద విరుచుకుపడ్డాడు. కిందటేడు అప్పన్న బండిలో వచ్చినవాళ్ళు ఒక విగ్రహాన్ని అన్నం గిన్నెలో దాచి ఎత్తుకుపోయారట. అప్పటినుంచీ ఆయన కూతుర్ని కాపరానికి పంపలేదు.

"ఈళ్ళు పెద్దింటోళ్ళు మావా. అలాటోళ్ళు కాదు." అప్పన్న బండి దిగి చేతులు జోడించాడు.

"సూద్దాం. ఈళ్ళెల్లేక నా దేవుళ్ళు ఎక్కడోళ్ళక్కడుంటే రేపే మా అమ్మిని పంపుతాను."

అయ్యో, కేరేజీ సంగతి అడిగింది ఇందుకా! పాపం అనిపించింది.

చింతతోపులో విగ్రహాలు వరసగా ఉన్నాయి. పసుపూ నూనే పూసి పూసి ముఖాలు నున్నగా అరిగాయి. కొన్ని అరచేతిలో పట్టేంత చిన్నవి. చూడదగ్గవే, కాదనను. అక్కడే భోంచేశాం. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి మా ఆయన కేరేజీ సర్దేసి ఉంచారు. తిన్న కంచం తీయని మనిషి!

తిరిగి బండెక్కి కేరేజీ ఒళ్ళో పెట్టుకున్నాను. ఖాళీ కేరేజీ పొద్దుటి కంటే బరువుగా ఉంది. మా ఆయన కొండలకేసి చూస్తున్నారు.

"ఏటండీ ఇది?"

"గట్టిగా అనకే. కొట్లో పెట్టుకుంటే కలిసొస్తుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు అప్పన్న కూనిరాగం తీస్తున్నాడు. తోపు నుంచి వచ్చేటప్పుడు మామ ఇంటి గుమ్మంలో అతని భార్య మూట కట్టుకోవడం నేనూ చూశాను.

"అప్పన్నా, బండి తిప్పు. దణ్ణం పెట్టుకోవడం మర్చిపోయాను."

అతను వెనక్కి తిరిగి నన్నూ, కేరేజీనీ చూశాడు. వెంటనే బండి తిప్పాడు. తోపులోకి నేనొక్కదాన్నే వెళ్ళాను, కేరేజీతో.

గుణుపురంలో కేరేజీ తనే అందుకుని దించాడు అప్పన్న. చేతిలో ఓసారి ఎత్తి చూశాడు.

"ఇప్పుడు తేలిగ్గున్నాదమ్మా," అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

కొత్త ఊళ్ళో బండివాణ్ణి అనుమానిస్తాం, పక్కన కూర్చున్నవాణ్ణి ఎవరు అనుమానిస్తారు చెప్పండి? ఇప్పటికీ మా ఆయన కేరేజీ సర్దుతానంటే లేచి వెళ్ళి చూస్తాను. ఆ పల్లెకిప్పుడు కారు వెళుతుందట. పాత గుళ్ళంటే ఇష్టమున్నవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. అన్నం మాత్రం అరిటాకు పొట్లాల్లో పట్టుకెళ్ళండి. మూతలున్న గిన్నెలు వద్దు.