నలభై నిమిషాల పని

ఆ కళ్ళజోళ్ళ దుకాణానికి వచ్చేవాళ్ళలో అద్దాలాయన్ని చూసినవాళ్ళు తక్కువ. ముందు గదిలో నవ్వుతూ ఫ్రేములు చూపించేది యజమాని. వెనక పరదా చాటున చిన్న బల్ల ముందు కూర్చుని, ఇరవై ఆరేళ్ళుగా అద్దాల అంచులు అరగదీస్తున్నది ఈయన. ఊళ్ళో సగం మంది లోకాన్ని చూస్తున్నది ఆయన చేతి చలవ వల్లే అయినా, వాళ్ళలో ఒక్కరూ దారిలో ఎదురైతే పలకరించరు. ముఖం తెలిస్తే కదా పలకరించడానికి. ఆయనకీ అదే హాయి. మనుషులంటే ఇష్టం లేక కాదు, మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. పెళ్ళికి వెళ్ళినా ఓ మూల కుర్చీ చూసుకుని, ఎవరి ముక్కు మీద జోడు వంకరగా ఉందో గమనిస్తూ కూర్చునే రకం.

అలాంటి మనిషికి యాభయ్యో ఏట మోటారు సైకిల్ మీద ఒంటరిగా ఊళ్ళు తిరగాలని బుద్ధి పుట్టింది. బావమరిది వదిలించుకుందామనుకుంటున్న పాత బండి తెచ్చుకుని, నెల రోజులు దాన్నే తుడిచాడు.

"తోడెవరు?" అని అడిగింది భార్య.

"ఎవరూ లేరు."

"అవున్లెండి, తోడుంటే మాట్లాడాల్సి వస్తుంది," అని బట్టలు సర్దిపెట్టింది. యజమాని పద్దెనిమిది రోజులు సెలవిచ్చాడు. ఇచ్చినట్టు రోజుకోసారి గుర్తు చేశాడు కూడా.

మొదటి రెండు రోజులూ బండి చప్పుడు తప్ప ఇంకో మాట లేదు. మూడో రోజు టైరు పంక్చరైంది. పంక్చర్లు వేసే ఆయన వంగినప్పుడల్లా జోడు ముక్కు మీదికి జారుతోంది, మసి చేత్తో పైకి నెట్టుకుంటున్నాడు. నుదుటి మీద నల్లటి వేలిముద్రలు. అద్దాలాయనకి చేతులు ఊరుకోలేదు. "ఒక్కసారి ఇలా ఇవ్వండి," అని జోడు తీసుకుని, కాడల చివర్లు వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక చెవి వెనక వంపు సరిచేసి, జేబులో ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవర్‌తో మరలు బిగించి ఇచ్చాడు. పంక్చరాయన తల వంచి చూశాడు, అడ్డంగా ఊపాడు, చివరికి ఓ గెంతు గెంతాడు. జోడు కదల్లేదు. "ఎనిమిదేళ్ళుగా దీంతో వేగుతున్నానండీ," అన్నాడు. ఆ పూట తన క్యారియర్‌లో సగం ఈయనకే పెట్టాడు.

ఇక చూడండి. ఇరవై ఆరేళ్ళు దొరకని మాట దొరికింది. ఒక్కసారి ఇలా ఇవ్వండి, అంటే చాలు. పడవ టిక్కెట్లిచ్చే ఆవిడ, స్కూలు వాచ్‌మన్, పాల వ్యాను డ్రైవరు, అందరి ముక్కుల మీదా పనుంది. జోడు తీసి చేతికిచ్చిన మనిషి ఓ క్షణం ఏమీ కనపడక అమాయకంగా నవ్వుతాడు. ఆ నవ్వులోంచే స్నేహం మొదలయ్యేది. రోజూ ఇంటికి ఫోన్ చేసి "ఇవాళ ఇద్దరు," అని చెప్పేవాడు. భార్య నమ్మలేదు. ఎవరైనా డబ్బింగ్ చెబుతున్నారా అని అడిగింది.

పదకొండో రోజున వాన పట్టుకుంది. తల దాచుకోవడానికి ఓ పుస్తకాల బైండింగ్ షాపు అరుగెక్కాడు. లోపల బంక వాసన, కత్తిరించిన కాగితం పీలికలు, గోడ పొడవునా బరువు పెట్టిన రిజిస్టర్లు. అరవై దాటిన బైండరు ఓ లావుపాటి పుస్తకాన్ని కుడుతూ, తల ఎత్తకుండానే "తడిసిపోతావు, లోపలికి రా తమ్ముడూ," అన్నాడు. వాన రెండు రోజులు వదల్లేదు, ఆ ఇల్లూ వదల్లేదు. బైండరు భార్యని మొదటి పూటే వదినా అని పిలిచేశాడు. సొంత అన్న ఇంట్లో కూడా అంత చనువుగా ఇంకోసారి వడ్డించమని అడిగి ఎరగడు. బైండరు ఆయనకి కుట్టు నేర్పాడు. ఆయన కుట్టింది చూసి, "నీకు అద్దాలే మంచివి," అని విప్పించాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

బైండరు జోడు ఘోరంగా ఉంది. ఒక కాడకి బైండింగ్ దారం చుట్టి ఉంది, అద్దాల నిండా గీతలు. పవరు చీటీ ఎప్పుడో పోయింది. పైగా అది మామూలు పవరు కాదు, ఒక్కో కంటికి అద్దాన్ని ఒక్కో కోణంలో తిప్పి బిగించాలి. దగ్గర్లో ఏ దుకాణంలోనైనా ఇవ్వమని చెబితే సరిపోయేది. కానీ పనివాడి పొగరు ఊరుకోనివ్వదు.

"ఎవరికిచ్చినా కోణం తప్పేస్తారన్నా. మీ జోడు నేను పట్టుకెళ్తాను. మా యంత్రం మీద పెట్టి పవరు చూసి, నా చేత్తో చేసి పంపిస్తాను. పది రోజులు."

వదిన కొంచెం వెనకాడింది. "ఆయనకి ఉన్నది అదొక్కటే. పాతదొకటుంది గానీ, దాంతో సూదిలోకి దారం ఎక్కదు."

"తమ్ముడు చేస్తానంటున్నాడుగా," అని బైండరు జోడు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆ క్షణంలో అద్దాలాయన ఛాతీ ఎంత ఉబ్బిందో తర్వాత్తర్వాత తలుచుకున్నప్పుడల్లా, దాన్ని ఎక్కడైనా పాతేస్తే బావుండుననిపించేది.

ఇల్లు చేరాడు. మొదటి వారం పేరుకుపోయిన పని. రెండో వారం పవరు చూసి, ఆ అద్దం తెప్పించాలి. తెప్పించాడు, అది రాగానే జోడుతో పాటు సొరుగులో పెట్టాడు. బైండరు ఫోన్ చేస్తే "ఈ వారం అయిపోతుందన్నా," అన్నాడు. ఇంకోసారి చేస్తే ఇంకోసారి అదే అన్నాడు. మూడోసారి ఫోన్ మోగితే మళ్ళీ అదే మాట చెప్పడానికి మొహం చెల్లక, మోగి మోగి ఆగేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఆలస్యానికి కారణం ఏమీ లేదు, అదే అసలు ఇబ్బంది. మొదట్లో అది చిన్న బద్ధకమే. అది ముదిరి సిగ్గయింది. సిగ్గు మొదలయ్యాక సొరుగు తెరవడం కూడా మానేశాడు. ఫోన్లు కూడా ఆగిపోయాయి. హమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఆ రోజు అన్నం సయించలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఓ రోజు ఉదయం ఒకావిడ విరిగిన జోడు పట్టుకొచ్చి, సాయంత్రానికి ఇవ్వగలరా అని యజమానిని బతిమాలుతోంది. పరదా వెనక నుంచి అద్దాలాయనే కేకేశాడు. "సాయంత్రం దాకా ఎందుకమ్మా, గంటలో ఇస్తాను. మనిషిని కళ్ళు లేకుండా ఉంచుతామా."

ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. తల కొట్టేసినట్టయింది. ఆవిడ పని ముగించి, సొరుగు లాగి, బైండరు జోడు బయటికి తీశాడు. పవరు మళ్ళీ సరిచూశాడు, కోణం గుర్తు పెట్టాడు, అద్దాలు అరగదీశాడు, కొత్త ఫ్రేములో బిగించాడు. గడియారం చూసుకున్నాడు. నలభై నిమిషాలు. ఈ నలభై నిమిషాల కోసమే ఓ మనిషి నాలుగు నెలలు కళ్ళు చికిలించుకుని కూర్చున్నాడు. ఒక రోజు, రెండు రోజులు పట్టి ఉన్నా మనసుకి చెప్పుకోవడానికి ఏదో ఉండేది.

పోస్టులో పంపుదామంటే, లోపల పెట్టే చీటీ మీద ఏం రాయాలో తోచలేదు. నాలుగు కాగితాలు చించాడు. చివరికి బండి తీశాడు. ఈసారి దారిలో ఎవరి ముక్కూ చూడలేదు. పంక్చరు కొట్టు ముందు నుంచి వెళ్తూ తల పక్కకి తిప్పుకున్నాడు. పాపం ఆయనకి ఏ బాకీ లేకపోయినా సరే.

దారి పొడవునా ఒకటే మాట వల్లె వేసుకున్నాడు. తప్పయింది అన్నా, బద్ధకించాను. ఆ ఒక్క మాట అనేస్తే చాలు. తిడితే పడదాం. తిట్టకపోతే ఇంకా పడదాం. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ అరుగు ముందు ఆగాడు.

వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడ వేళ్ళకి గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి. లోపల కుట్టు బల్ల దగ్గర ఆవిడ స్టూలే ఉంది. బైండరు పక్కన కూర్చుని పేజీలు పట్టుకుంటున్నాడు, అంతే. కుట్టేది ఇప్పుడు ఆవిడ.

"వచ్చాడండీ," అంది లోపలికి. "బతికే ఉన్నాడు."

బైండరు తడుముకుంటూ లేచి వచ్చి రెండు భుజాలూ పట్టుకున్నాడు. "నేను చెప్పలేదూ? ఫోన్ ఎత్తడం లేదంటే ఏదో జరిగిందనే అన్నాను. మాట తప్పే మనిషి కాదు, జోడు ఇవ్వడానికి బండి మీద బయల్దేరి ఉంటాడు, అని దీనితో ఎన్నిసార్లు అన్నానో. దారిలో ఉన్న ఆసుపత్రులన్నిటికీ ఫోన్ చేశాం తమ్ముడూ. నీ పేరు చెబితే ఎక్కడా లేదన్నారు. దెబ్బ ఎక్కడ తగిలింది? కాలా, చెయ్యా?"

ఏమీ కాలేదన్నా, అనాలి. రెండు రోజులు వల్లె వేసిన మాట నాలుక చివరే ఉంది. ఆసుపత్రులన్నిటికీ అన్న మాట విన్నాక అది గొంతులోకి దిగిపోయింది.

"కాలు," అన్నాడు. అని చచ్చిపోయాడు.

"ఏ కాలు?"

"కుడిది. లోపల రాడ్ వేశారు."

ఇక వాళ్ళ హడావుడి చూడాలి. వదిన కుర్చీ లాగింది, కాలు పెట్టుకోవడానికి ఎదురుగా రిజిస్టర్ల కట్ట పెట్టి దాని మీద దిండు వేసింది. అంత కాలు పెట్టుకుని అంత దూరం బండి మీద వచ్చాడా అని కళ్ళొత్తుకుంది. కాపడం పెడతానని వేడినీళ్ళు తేవడానికి వెళ్ళింది. అద్దాలాయన వద్దంటూనే ఉన్నాడు, ఆ వద్దనడం కూడా ఆవిడకి మంచితనంలాగే వినిపించింది. ఈ నాలుగు నెలల్లో ఓ కాలేజీ రిపోర్టుల కట్ట అంచులు కోస్తూ అక్షరాల్లోకి కత్తి పోనిచ్చానని బైండరు చెప్పాడు. ఆ తర్వాత కాలేజీవాళ్ళు రావడం లేదట. "పోన్లే, నీ ప్రాణం కన్నానా," అన్నాడు.

జోడు ఇచ్చేశాడు అద్దాలాయన. బైండరు పెట్టుకున్నాడు. ముందు కుట్టు బల్ల మీది దారం చూశాడు. తర్వాత వేడినీళ్ళు తెస్తున్న భార్య వేళ్ళ గుడ్డలు చూశాడు.

"కాలు ఇలా పెట్టండి," అని వదిన ప్యాంటు మోకాలి దాకా మడవబోయింది. "నువ్వుండు, నేను చూస్తాను," అని బైండరే వంగి మడిచాడు.

పిక్కా, మోకాలి చిప్పా, చీలమండా, అన్నీ అమ్మ కన్నట్టే ఉన్నాయి. గాటు లేదు, కుట్టు లేదు. జీవితమంతా కుట్లు వేసిన మనిషి కుట్టు కోసం వేలితో పైనుంచి కిందికి మెల్లగా తడిమాడు. అద్దాలు బాగా కుదిరాయి, అందులో అనుమానం లేదు. రోమం రోమం కనబడి ఉంటుంది. బైండరు తల ఎత్తి ఆయన ముఖంలోకి చూశాడు. అద్దాలాయన కళ్ళు దించుకున్నాడు. ఇద్దరికీ అర్థమైపోయింది.

"ఎలా ఉందండీ?" అని వెనక నుంచి అడిగింది వదిన.

బైండరు ప్యాంటు కిందికి దించాడు. అంచు కూడా సరిచేశాడు.

"మంచి డాక్టరు దొరికాడు," అన్నాడు. "మచ్చ కూడా లేకుండా మానిపోయింది."

భోజనం పెట్టారు. అద్దాలాయనకి ముద్ద దిగలేదు, నొప్పివల్లే అనుకుంది వదిన. బైండరు మామూలుగానే మాట్లాడాడు. బండి లీటరుకి ఎంత ఇస్తోందని అడిగాడు, ఇంట్లో అందరూ బావున్నారా అని అడిగాడు. కాలు గురించి మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి వదిన నీళ్ళకి లోపలికి వెళ్ళినప్పుడు అద్దాలాయన "అన్నా," అని నోరు తెరిచాడు. బైండరు కూర గిన్నె ఆయన వైపు జరిపి "తిను," అన్నాడు. తమ్ముడూ అనలేదు.

వెళ్ళేటప్పుడు వదిన గుమ్మంలో నిలబడింది. అరుగుకి మూడు మెట్లున్నాయి, బండి వీధికి అవతల ఉంది. అద్దాలాయన మొదటి మెట్టు మీద ఆగిపోయాడు. మామూలుగా దిగితే ఆవిడ చూస్తుంది. కుంటితే బైండరు చూస్తాడు.

బైండరు ఓ మెట్టు కిందికి దిగి, పక్కకి వచ్చి నిలబడి, తన భుజం అందించాడు.

"జాగ్రత్తగా పట్టుకుని దింపండి," అంది వదిన.

"పట్టుకుంటున్నాలే," అన్నాడు బైండరు. అద్దాలాయన ఆ భుజం మీద చెయ్యి వేసి, ఏ దెబ్బా లేని కాలు ఈడ్చుకుంటూ వీధి దాటాడు.