బియ్యం డబ్బాలో ఫోన్లు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు ఫోన్‌లో రాలేదు. ఆ ఆదివారం నేనూ మా అమ్మాయీ అలీసాగర్ చెరువు చూసుకుని, సాయంత్రం బస్సు దిగి గల్లీలోకి వచ్చేసరికి ఇంటి ముందు చెప్పులు గుంపుగా కనిపించాయి. లోపల మా ఆవిడ గోడకు ఒరిగి కూర్చుని ఉంది. "చాయ తాగి పండుకున్నది. మళ్ల లేవలే," అంది. "ఊపిరి ఉండంగనే మీకు ఫోన్ జేసిన. బియ్యం డబ్బల మోగింది."

నిజమే, నా ఫోన్ బియ్యం డబ్బాలో ఉంది. పెట్టించింది పెద్దమ్మే. ఒంట్లో నలతగా ఉంది కదా, ఈ వారం ఆగుదామంటే పొద్దున నా మీదికి ఒంటికాలి మీద లేచింది. "నాకేమైతది? పోరి వారమంత ఎదురు సూసింది, తీస్కపో. ఫోన్ డబ్బల ఏసినవా లేదా?" అని. నాతో ఆమె మాట్లాడిన చివరి మాట అదే.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పిల్లలు లేరు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నిజామాబాద్‌లో మా ఇంటి ముందుగది ఆమెది. ఒళ్లో చాట, చాటలో ఆకూ తంబాకూ, చేతులు బీడీలు చుడుతూనే ఉండేవి, నోరు నన్ను తిడుతూనే ఉండేది. తిట్టక ఏం చేస్తుంది? నేను పసుపు మార్కెట్‌లో కమిషన్ దుకాణంలో పనిచేస్తాను. ఏర్గట్ల నుంచి ఒక రైతు, ఇందల్వాయి నుంచి ఒక రైతు, ఇయ్యాల ధర ఎంతుందని ఒకటే ఫోన్లు. అన్నం తింటూ కూడా ఫోన్ చెవికే. "సూస్తుండు, నీ చెవులల్ల పసుపు కొమ్ములు మొలుస్తయి," అనేది. మా అమ్మాయి పడీపడీ నవ్వేది.

ఆదివారం వస్తే మాత్రం ఇంట్లో కూర్చోనిచ్చేది కాదు. ఎక్కడికో పెద్ద ఊళ్లకేం కాదు. ఎర్రబస్సు ఎక్కితే గంటకో, గంటన్నరకో చేరే చోట్లే. ఎక్కువసార్లు రుద్రూర్ దగ్గర ఆమె పుట్టిన ఊరికి. అక్కడ కాలువ గట్టు, గట్టు పక్కన చెరుకు తోటలు. డబ్బాలో మక్కజొన్న గారెలు, సీసాలో చల్ల. ఖాళీగా కూర్చోవడం ఆమెకు చేతకాదు కాబట్టి కత్తిరించడానికి బీడీలు చుట్టే తునికాకు కూడా వెంట వచ్చేది. తడిపిన ఆకు ఎండితే విరుగుతుందని తడి గోనెపట్టాలో చుట్టుకుని తెచ్చేది.

ఆ గోనెపట్టాతోనే అసలు కథ మొదలైంది. ఒక ఆదివారం కాలువ గట్టు మీద నా ఫోన్ ఆగకుండా మోగుతోంది. పెద్దమ్మ లేచి వచ్చి, నా చేతిలోంచి దాన్ని లాక్కుని, "ఎండకు మాడిపోతున్నది పాపం, సల్లగ పండుకోనీ," అని ఆకుతో పాటు ఆ తడి పట్టాలో చుట్టేసింది. వెక్కిరింపు కాదు, ఆమెకు అదే జాగ్రత్త. విలువైనదేదైనా తడి గుడ్డలో ఉంటేనే భద్రం! నేను గమనించి తీసేసరికి ఫోన్‌లోంచి నీళ్లు కారుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. "నీకేమన్న తెలుస్తదా పెద్దమ్మా?" అని అరిచాను. ఆమె ఫోన్‌ను కొంగుతో తుడుస్తూ, "ఇప్పటిదాంక మాట్లాడుతనే ఉండె, గింత తడికే గిట్లైతదా?" అని ఆశ్చర్యపోయింది.

ఇక చేసేదేముంది, గట్టు మీద కూలబడ్డాను. మా అమ్మాయి పక్కకు వచ్చి కూర్చుని చెరుకు ముక్క నములుతూ ఏవేవో అడగడం మొదలుపెట్టింది. చెరుకు చీమలకు ఎట్ల తెలుస్తుంది, కాలువ రాత్రి కూడా నడుస్తుందా అని.  ఉన్నట్టుండి "బాపూ!" అని అరిచి నోట్లోంచి చెరుకు తీసింది. పిప్పిలో తెల్లగా చిన్న పన్ను. ఊడిన మొదటి పన్ను. నా కళ్ల ముందే ఊడింది. పాలపన్ను ఇంటి కప్పు మీదికి విసరాలి, గట్టు మీద కప్పెక్కడిది? పెద్దమ్మ ఊరుకుంటుందా! రోడ్డు మీద ఆగిన బోధన్ బస్సు నెత్తిమీదికి విసిరేసింది. "తిరిగి తిరిగి మంచి పన్నొస్తది పో," అంది. ఇప్పటికీ బోధన్ బస్సు కనిపిస్తే మా అమ్మాయి దాని పైకి చూస్తుంది.

మర్నాడు ఫోన్ల దుకాణం అతను, "బియ్యంల పెట్టి సూడన్నా," అన్నాడు. పెట్టాం. నా అదృష్టమో మరేమో, అది బతికింది. దాంతో పెద్దమ్మ తీర్పు చెప్పేసింది, ఫోన్‌కు అసలు ఇల్లు బియ్యం డబ్బా అని. అప్పటినుంచి ఆదివారం చెప్పులు వేసుకునే ముందు నాదీ మా ఆవిడదీ ఫోన్లు బియ్యంలోకి పోవాల్సిందే. నేను గొణిగితే, "ఫోన్ల ఉన్నోళ్లు ఏడికి పోరు కొడుకా. పక్కకున్నోళ్లను సూస్కో," అనేది.

ఆ మాటే ఇప్పుడు నాకు నింద తెచ్చిపెట్టింది. పరామర్శకు వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట. "ఫోన్ తీస్కపోతే పానం ఉండంగ కడసారి సూపన్న దక్కుతుండె గదరా."  ఆమె మాట విన్నందుకే ఆమె కడసారి చూపు పోగొట్టుకున్నానా అని లోపల కుమిలిపోతూనే ఉన్నాను. తలకొరివి పెట్టినప్పుడు కూడా ఆమె ముఖం వైపు సూటిగా చూడలేకపోయాను.

పిట్టకు పెట్టేది, అంటే ఆమె పేరున కాకులకు ముద్ద పెట్టేది, ఆమె ఊరి కాలువ గట్టు మీదే అనుకున్నాం. వంట అక్కడే కాబట్టి మా ఆవిడ బియ్యం డబ్బానే ఎత్తుకొచ్చింది. ఆకులో అన్నం, మక్క గారెలు, చాయ, బీడీ కట్ట అన్నీ పెట్టి దూరం జరిగాం. కాకులు తుమ్మ చెట్టు మీద కూర్చున్నాయి గాని ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది. మా చిన్నమ్మ మెల్లగా అననే అంది: "కొడుకును సూడకపోతి అని మనసుల ఉన్నట్టుంది."

నేను కాకుల వైపు తిరిగాను. చేతులు జోడించి నిలబడ్డాను.

అప్పుడు మా అమ్మాయి విసుక్కుంది. "అవ్వ ఎట్లొస్తది? అందరి చేతులల్ల ఫోన్లున్నయి గదా!" చూస్తే నిజమే. ఒకరు వీడియో తీస్తున్నారు, ఇంకొకరు దుబాయిలో ఉన్న మా మేనమామ కొడుక్కి చూపిస్తున్నారు. మా అమ్మాయి బియ్యం డబ్బా మూత తీసి ఒక్కొక్కరి ముందుకూ పట్టుకొచ్చింది. మా ఆవిడ వారించబోతే చిన్నమ్మే, "ఉండనియ్యి బిడ్డా," అని తన ఫోన్ మొదట వేసింది. దుబాయి ఫోన్ ఒక్కటే మిగిలింది. తెర మీంచి మా వాడు కళ్లు తుడుచుకుని, "నన్ను గూడ బియ్యంల పెట్టు బిడ్డా, నేను సప్పుడు జెయ్య," అన్నాడు. దాన్నీ పెట్టింది.

అందరం చేతులు ఖాళీగా పెట్టుకుని ఆకు వైపు చూస్తూ నిలబడ్డాం. మా అమ్మాయి వచ్చి నా వేలు పట్టుకుంది. కొంచెం సేపటికి ఒక కాకి దిగి, ఆకు చుట్టూ నడిచి, అన్నం ముట్టకుండా మక్క గారె ముక్కున పట్టుకుని చెరుకు తోట మీదుగా ఎగిరిపోయింది. డబ్బాలో ఎవరిదో ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ కదలలేదు.