దీపం చుట్టూ గీతలు

వెరాంగలో ఎవరి కారు మీద గీత పడ్డా, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకన్నా ముందు డెస్ షిర్మర్‌కి తెలిసేది. నాలుగు వైపులా గోధుమ పొలాలున్న ఊరు. కోతల కాలంలో కార్ల మీద దుమ్ము పేరుకుంటుంది. జనం దాన్ని పొడిగుడ్డతో తుడిచేస్తారు. తుడిచినప్పుడల్లా రంగు మీద సన్నటి సుడిగీతలు పడతాయి. ముందు నీళ్ళు పోసి కడగండర్రా అని డెస్ చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. వర్షపు నీటి ట్యాంకు అడుగంటినప్పుడు, ఉన్న నీళ్ళు మనిషి తాగుతాడా, కారుకి పోస్తాడా? అలా ఊరి దురలవాటే అతనికి బతుకుతెరువయింది.

రైలు పట్టాల పక్కన అతని రేకుల షెడ్డు. కారు కడిగి ఆరబెట్టి, తలుపులు మూసి, చేతిదీపం రంగుకి దగ్గరగా పట్టి చూసేవాడు. గీతలుంటే దీపం చుట్టూ సాలెగూడు అల్లినట్టు కనిపిస్తుంది. మెషిన్‌తో పాలిష్ పట్టడం, మళ్ళీ దీపం పెట్టి చూడటం, ఆ గూడు పోయేదాకా ఇదే పని. "పోయిందని నేననుకుంటే చాలదు, దీపం ఒప్పుకోవాలి," అనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకంటే ఈ పాలిష్ వాసన ఏ ఆడదీ భరించలేదనేవాడు. ఎవరినైనా అడిగి చూసిన దాఖలా మాత్రం లేదు.

అతను చేసిన కార్లన్నీ ఒక ఎత్తు, లొరేన్ టిల్‌బ్రూక్ శవవాహనం ఒక ఎత్తు. నిగనిగలాడే నల్లటి బండి. తెలుపు మీద తప్పు చేస్తే దాగుతుంది గానీ నలుపు మీద దాగదు. ఊళ్ళో ఎవరు పోయినా, అంత్యక్రియలకి ముందు ఆ బండి డెస్ షెడ్డుకి రావాల్సిందే. తన తల్లినీ తండ్రినీ సాగనంపిందీ అందులోనే. ఆ పని మీద అతనికున్న గర్వం అంతా ఇంతా కాదు. ఊళ్ళో అంత్యక్రియలు జరిపించే లొరేన్ ఎండల్లో కూడా బూడిదరంగు కోటు వేసుకునే మనిషి, మాట పొదుపు.

ఈమధ్య కార్ల మీద గీతలు ఒక పట్టాన పోవడం మానేశాయి. ఎంత పాలిష్ పట్టినా దీపం చుట్టూ వలయాలు వలయాలుగా ఉంటున్నాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, డెస్ కొత్తరకం రంగుల్ని తిట్టాడు, పాలిష్ డబ్బాని తిట్టాడు, చివరికి దీపాన్నే మార్చేశాడు. కొత్త దీపం పాతదానికన్నా మొండిది. అతనూ మొండివాడే కాబట్టి, ఒకసారి పట్టాల్సిన చోట నాలుగుసార్లు పాలిష్ పట్టాడు. జనం కార్లు తీసుకుని థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు. ఎవరూ కిక్కురుమనలేదు.

పాత టీచరమ్మ అంత్యక్రియల ముందు రోజు లొరేన్ తన బండి కోసం వచ్చేసరికి, డెస్ ఇంకా బానెట్ మీద వంగి ఉన్నాడు.

"నీ డ్రైవర్ దీన్ని పొడిగుడ్డతో తుడుస్తున్నాడు," అన్నాడు తలెత్తకుండా.

"నా డ్రైవర్ని నేనే."

"అయితే నువ్వే తుడుస్తున్నావు."

 లొరేన్ బానెట్ అంచు మీద వేలు పెట్టి రాసింది. అక్కడ నలుపు అరిగిపోయి కింద బూడిదరంగు ప్రైమర్ పూత తేలింది. ఆమె అతని చేతిలోంచి దీపం తీసుకుని, తిన్నగా అతని ముఖం వైపు తిప్పింది.

"ఇప్పుడు కనిపిస్తున్నాయా గీతలు?"

"ఆ. ఇంకా దట్టంగా ఉన్నాయి."

"మన మధ్య కారు లేదు, డెస్."

షెడ్డు మీద రేకులు ఎండకి టిక్కుటిక్కుమంటున్నాయి. డెస్‌కి ముందు వచ్చింది కోపం.

"తీసుకెళ్ళు నీ బండి. ఇక నేను చచ్చినా అది ఎక్కను."

"సరే. అప్పుడు మళ్ళీ అడుగుతాలే," అంది లొరేన్. "ముందు కళ్ళు చూపించుకో."

ఆమె వెళ్ళాక డెస్ దీపాన్ని రేకుల గోడ మీద వేలాడదీసి చూశాడు. తలుపు మేకుకి తగిలించి చూశాడు. ఎక్కడ పెడితే అక్కడే వలయాలు. అతనికి భయమేసింది. ఆ పని తప్ప అతనికి మరో పని రాదు, ఆ వయసులో ఇంకోటి నేర్పేవాడూ లేడు. షట్టర్ దించి, పట్నం ఆసుపత్రికి బస్సెక్కాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలన్నారు. ఒకదాని తర్వాత ఒకటి తీసేశారు.

తిరిగొచ్చాక వచ్చిన మొదటి శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్. వెరాంగలో ఆట చూడటమంటే కారు ముక్కు మైదానం వైపు పెట్టి అందులోనే కూర్చోవడం. గోల్ పడితే చప్పట్లకు బదులు హారన్లు. డెస్ కంచె వెంట, కార్ల ముందు నుంచి నడిచాడు. మంచి ఎండ. నీలం కారు, ఎర్ర కారు, బేకరీవాడి వ్యాను, అన్నీ తన చేతి మీదుగా వెళ్ళినవే. ఒక్కదానికీ గీత లేదు. కానీ ప్రతి బానెట్ అంచూ అరిగి బూడిదరంగుకు తిరిగింది. ఊరి కార్లన్నింటికీ ఒకే జబ్బు తగులుకున్నట్టుంది.

నీలం కారులో చిన్ననాటి స్నేహితుడు మెర్వ్ సాసేజ్ రోల్ తింటున్నాడు.

"ఇది నా పనేనా?" అన్నాడు డెస్, బానెట్ అంచు చూపించి.

"ఏది?"

"బుకాయించకురా."

మెర్వ్ నోట్లోది మింగాడు. "మొన్న క్రిస్మస్‌కి చేశావు. అంతకుముందు ఈస్టర్‌కీ చేశావు."

"ఒకసారి పాడు చేశాక మళ్ళీ ఎందుకు తెచ్చావురా వెధవా?"

"తేకపోతే ఎందుకు తేలేదని అడుగుతావుగా. ఏం చెప్పమంటావు? కారే కదరా, నడుస్తోందిగా."

డెస్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. వాళ్ళందరి మీదా ఒళ్ళు మండింది.  అప్పుడే గోల్ పడింది. కార్లన్నీ ఒక్కసారిగా మోగాయి, అతను ఉలిక్కిపడ్డాడు.

క్లబ్బు మెట్ల దగ్గర లొరేన్ కోటు వేసుకుని టీ తాగుతోంది. డెస్ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"ఊరంతా నోరు మూసుకుంది. నీకొక్కదానికే ఎందుకొచ్చింది చెప్పాలని?"

ఆమె టీ కప్పు మెట్టు మీద పెట్టింది.

"వాళ్ళ కార్లు వాళ్ళిష్టం. నచ్చకపోతే చెప్పడానికి వాళ్ళకి నోరుంది. నా బండెక్కేవాళ్ళకి లేదు."

 డెస్ ఆట వైపు చూశాడు, ఎవరు గెలుస్తున్నారో మాత్రం చూడలేదు.

"కొత్త రంగు వేయించాను," అంది లొరేన్. "పాలిష్‌కి ఇంకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు."

అతను చెయ్యి చాపాడు. ఆమె తాళాలు ఇచ్చింది.