ఔస్మ గారి ఇసుక పరీక్ష

"నేను అటు తిరిగినప్పుడు పాప ఊపిరి ఆగిపోతే?"

నేనడిగింది ఇంతే. ఔస్మ గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "నువ్వు చూస్తే ఆడి, చూడకపోతే ఆగడానికి అదేమన్నా మీ ల్యాబులో మోటారా?"

లాత్వియాలో కుల్దీగ అనే ఊళ్ళో మేముండే చెక్క ఇంటి కింది వాటా ఆవిడది. నలభై ఏళ్ళుగా పుస్తకాలను లాత్వియన్‌లోకి అనువదిస్తున్నారు. ఆవిడకో జబ్బుంది. ఏ మాటనైనా బతికున్న మనిషి మీద పరీక్షించందే కాగితం మీద పెట్టరు. తూలడం ఎలా ఉంటుందో చూడడానికి మా పోస్ట్‌మ్యాన్ చేత బీరు మీద బీరు తాగించారు. కుంటడం కోసం ఒక పంతులుగారి బూటులో ఎండు బఠాణీ వేశారు. ఆ పంతులుగారు ఇప్పటికీ మా వీధిలోకి రారు.

పోయిన చలికాలం ఆవిడ చేతికి ధ్యానం మీద ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. మంచు కరిగాక ఒకరోజు నన్ను మెట్ల మీద నిలదీశారు.

"ధ్యానానికి మెదితాత్సియ అని రాసి పారెయ్యమంటున్నాడు ఆ రీగా ఎడిటరు. లోకమంతా వాడుతోందట. మన పొయ్యిలో రై రొట్టె కాలుతుండగా పక్కింటికి అరువుకి వెళ్ళాలా?" ఆ మాట పుట్టించింది నేనే అన్నట్టు చూశారు.

"మనకి పార్‌దొమాస్ ఉంది కదండీ?"

"అవి ఆలోచనలు. వీళ్ళు కాసేపు ఆపమనేది వాటినే. చదువుకున్నవాడివి, ఆమాత్రం తెలీదూ?"

"పోనీ, అప్‌ట్సెరె?"

"అది గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పొగమంచు వంక చూసే కవులకి. పిల్లని బండిలో పడుకోబెట్టి నాతో రా. నువ్వు చేస్తుంటే చూసి మాట పెడతాను."

నేను నీటిని పరీక్షించే ల్యాబులో రసాయన శాస్త్రవేత్తని. నా భార్య సనిత తిరిగి ఉద్యోగంలో చేరింది కాబట్టి, పాప రూతని చూసుకోవడానికి నేను సెలవులో ఉన్నాను. అంటే, ఔస్మ గారి లెక్కలో, ఖాళీగా ఉన్నాను.

తీసుకెళ్ళింది శ్మశానానికి. మాకు సమాధి చుట్టూ తెల్ల ఇసుక పోసి, పొడుగు దువ్వెనలాంటి పళ్ళకర్రతో దువ్వే ఆచారం. వెనక్కి నడుస్తూ, మన అడుగులు మనమే చెరుపుకుంటూ బయటికి రావాలి. లోపల ఒక్క అడుగు మిగిలినా ఆ కుటుంబం పరువు ఆదివారం దాకా ఊరి నోట్లో నానుతుంది. ఔస్మ గారి భర్త ఆర్విడ్స్ సమాధి ఇసుకైతే ఇస్త్రీ దుప్పటే. దాన్ని ఆవిడ సొంత చెల్లెల్ని కూడా ముట్టుకోనివ్వరు.

"దువ్వు," అని పళ్ళకర్ర నా చేతికిచ్చారు. "దువ్వడం తప్ప ఇంకేమీ చెయ్యకు."

సగం దువ్వానో లేదో, బండిలోంచి చప్పుడే లేదనిపించింది. ఇసుక మీదుగా అడ్డంపడి బండి దగ్గరికి పరుగెత్తాను. రూత హాయిగా నిద్రపోతోంది. వెనక్కి చూస్తే ఆర్విడ్స్ గారి మీదుగా నా బూట్ల గుర్తులు.

"పరీక్ష చెడింది," అన్నారు ఔస్మ గారు. "రేపు మళ్ళీ."

రేపూ చెడింది, ఎల్లుండీ చెడింది. నేను దువ్వుతుంటే ఆవిడ బండి ఊపుతూ, కామాలు పెట్టడం చేతకాని రచయితల్ని రూతకి వినబడేలా తిట్టేవారు. వేసవంతా ఇదే వరస. నాకూ ఒళ్ళు మండింది.

"ఒక్క మనిషి మీద చేసే పరీక్షకి విలువ లేదండీ. పోల్చడానికి ఇంకొకడు ఉండాలి."

"ఉన్నాడుగా, ఇసుక కింద. కదలకుండా ఎలా ఉన్నాడో చూసి నేర్చుకో."

పక్క సమాధికి నీళ్ళు పోస్తున్న ముసలావిడ తొంగిచూసింది. "ఔస్మా, మీ ఆయన మీద ఎడ్లని తోలారేమిటే?"

ఔస్మ గారి చెవులు ఎర్రబడ్డాయి. "సైన్సు జరుగుతోంది. నీ పూలు నువ్వు చూసుకో."

సమాధుల పండుగకి ముందు రోజు ఊరంతా పళ్ళకర్రలతో దిగింది. రీగా నుంచి ఎడిటర్ వాల్దిస్ కూడా తనవాళ్ళ సమాధి దువ్వడానికి వచ్చాడు. నేను ఇసుకలోంచే నిలేశాను.

"ఏమండీ, ఆ ధ్యానం మాటేదో తేల్చెయ్యండి. నా నడుం విరుగుతోంది."

"ఏ మాట? ఆ పుస్తకం మంచు కరగకముందే అచ్చుకి వెళ్ళింది కదా. మెదితాత్సియ అనే రాశారు. నేను వేరే మాట అడిగితే, అందరికీ తెలిసింది ఉండగా కొత్తదెందుకని నన్నే కోప్పడ్డారు."

"నాలుక్కి బొత్తాం లేని మనిషివయ్యా నువ్వు," అని ఔస్మ గారు అతన్ని తరిమేశారు. తర్వాత నా మీదికి తిరిగారు. "ఏం చూస్తావ్? మీ గది నా నెత్తిమీదుంది. పొద్దస్తమానం తొట్టి దగ్గరికీ కిటికీ దగ్గరికీ నీ అడుగులే. పిల్ల నిద్రపోతోంది, నీకే కునుకు లేదు. సాయానికి వస్తానంటే రానిస్తావా? బాగానే ఉన్నానండీ అని తలుపేసుకుంటావు. ఎంతైనా లాత్వియావాడివి."

"మరి ఊరంతా మీ ఇసుక చూసి నవ్వుతోంది కదండీ."

"నవ్వనీ. మా ఆయనా బతికున్నన్నాళ్ళూ ఇంట్లో బూట్లతోనే తిరిగాడు."

అంతలో బండిలో రూత ఏడుపు లంకించుకుంది. నేను ఇసుక మధ్యలో ఉన్నాను. కాలు లేచింది.

"వెళ్ళొద్దనను," అన్నారు ఔస్మ గారు, బండి ఊపుతూనే. "ఇసుకలో మొదలెట్టిన గీత చివరిదాకా లాగి వెళ్ళు. ఏడుస్తోందంటే ఊపిరి ఉన్నట్టే కదరా, సైంటిస్టూ."

లాగాను. ఇప్పుడు ఇంట్లోనూ అంతే. పాప కేక వినబడితే, ముందు చేతిలో ఉన్న గిన్నె కడిగి బోర్లిస్తాను, ఆ తర్వాతే వెళ్తాను.